ముందు ఎండ, తర్వాత సబ్బు

నారాయణఖేడ్‌లో పసుపు పెట్టని కొత్త వస్తువంటూ ఉండదు. కొత్త మోటార్ సైకిలుకు పెడతారు, కొత్త గ్రైండరుకు పెడతారు, పెళ్లి కార్డుకు నాలుగు మూలలా పెడతారు. కిందటేడు ఒక షట్టరు గదిలో ఏటీఎం పెట్టినప్పుడు దానికీ ఎవరో మూడు వేళ్లతో పసుపు గీసి పోయారు. తుడవడానికి ఎవరికీ ధైర్యం చాలక అది ఇంకా అలాగే ఉంది. ఇన్నింటికి పెట్టినప్పుడు పాస్‌పోర్టుకు మాత్రం ఎందుకు పెట్టకూడదో భీమమ్మకు ఎవరూ చెప్పలేదు.

సోమవారం పొద్దున తలస్నానం చేసి, తడి వెంట్రుకలు ముడేసుకుని, దేవుని గూట్లోంచి కూతురి పాస్‌పోర్టును రెండు చేతులతో తీసింది. ఆ ఇంట్లోకి ఎన్నెన్ని ఇళ్ల బట్టలో వచ్చాయి, పోయాయి. మనిషిని సముద్రం దాటించే వస్తువు రావడం మాత్రం అదే మొదలు. ఇంత పలచటి పుస్తకం అంత పని చేస్తుందా అని ఆమెకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. లోపల సుహాసిని ఫొటో ఉంది. బిడ్డ ముఖం దగ్గర తడి చెయ్యి ఎందుకని పేజీలు తిప్పింది. వీసా ఇక్కడ అతికిస్తారని సుహాసిని మొన్న చూపించిన ఖాళీ పేజీ ఆమెకు బాగా గుర్తుంది. దానికి నాలుగు మూలలా నాలుగు బొట్లు పెట్టింది. కుంకుమ కూడా పెడదామని చూస్తే భరిణె ఖాళీ. సాయంత్రం తెప్పిద్దామనుకుని, పేజీ ఆరేదాకా ఊది, మూసి, మళ్లీ గూట్లో పెట్టి దండం పెట్టుకుంది.

మధ్యాహ్నం ఆ పుస్తకాన్ని బషీర్ చూశాడు.

బస్టాండు ఎదురుగా బషీర్‌కు జిరాక్సు దుకాణం ఉంది. పదేళ్లు దుబాయిలో పనిచేసి వచ్చినవాడు కనుక పాస్‌పోర్టు అన్న మాట వినబడితే ఊళ్లో అందరూ అతని దగ్గరికే పోతారు. సుహాసిని వీసా ఫైలుకు కావలసిన కాగితాలన్నీ అతని యంత్రంలోంచే వచ్చాయి. పాస్‌పోర్టు అన్ని పేజీల నకలు ఒక్కటే మిగిలింది. పేజీలు తిప్పుతున్న చెయ్యి ఒకచోట ఆగిపోయింది.

"బేటీ, గిదేంది? హల్దీనా?"

సుహాసిని వంగి చూసింది.

"అమ్మ పెట్టింది కావచ్చు చాచా."

"అమ్మ దువా మంచిదే. గని కౌంటర్ల కూసున్నోళ్లకు దువా ఏం తెలుస్తది? వాళ్లకు మరక మరకే." బషీర్ కళ్లజోడు తీసి పేజీని వెలుతురుకు పట్టాడు. "నేను పోయేటప్పుడు లైన్ల నా ముందటాయన పాస్‌పోర్టు మీద చాయ్ పడ్డది. ఖరాబైందని ఎన్కకు పంపిండ్రు. గంత పెద్ద మనిషి అక్కడ్నే నిలబడి ఏడ్సిండు."

హైదరాబాదులోని వీసా సెంటర్‌లో సుహాసినికి అపాయింట్‌మెంటు గురువారం. ఈ స్లాటు పోతే మళ్లీ రెండు నెలలదాకా దొరకదు. వీసా రావడానికి ఇంకో మూడు నెలలు. ఇంకో నాలుగు నెలల్లో, అక్టోబరులో, జర్మనీలో తరగతులు మొదలవుతాయి, అప్పటికి అక్కడ లేకపోతే స్కాలర్‌షిప్పు వేరేవాళ్లకు పోతుంది. కొత్త పాస్‌పోర్టు తీసుకోవాలన్నా గురువారంలోగా అయ్యే పని కాదు. ఈ లెక్క వేయడానికి ఆమెకు బషీర్ దుకాణం మెట్లు దిగేంత సేపు కూడా పట్టలేదు. దిగి నేరుగా తండ్రి దగ్గరికి నడిచింది.

డిపో గోడ పక్కన తండ్రి వీరప్ప ఇస్త్రీ బండి. కూతురు ముఖం చూసి ఇస్త్రీపెట్టెను నిలబెట్టి దగ్గరికి వచ్చాడు. విన్నాడు. పేజీ చూశాడు. "అమ్మను ఏమనకు బిడ్డా" అన్నాడు. అదొక్కటే అన్నాడు.

అనకుండా ఉండే స్థితిలో లేదు సుహాసిని.

ఇంటి ముందు భీమమ్మ మూటలు విప్పుతోంది. బస్వరాజ్ ఇంట్లో ఆదివారం పెళ్లయింది. పెళ్లయిన మర్నాడు పసుపు బట్టలన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. ఒక్కో బట్ట అంచు తిరగేసి, మూల మీద నల్లజీడి గింజతో పెట్టిన గుర్తు చూసి వేరు చేస్తోంది. రెండు చుక్కలంటే బస్వరాజ్ ఇల్లు, చుక్క మీద గీతంటే వాళ్ల అన్న ఇల్లు. చదువు రాని భీమమ్మ ఆ గుర్తులను ఎప్పుడూ తప్పు చదవలేదు.

"పాస్‌పోర్టుకు పసుపు ఎవరు పెట్టమన్నరే అమ్మా?"

"మంచి పనికి ఎవలన్న చెప్పాల్నా?" భీమమ్మ నవ్వుతూ తలెత్తింది. కూతురి ముఖం చూసి నవ్వు ఆపేసింది.

"ఖరాబైపోయింది. దీన్ని తీసుకోరు. ఇన్నేండ్లు చదివి, పరీక్షలు రాసి, గన్ని కాగితాలు జమ చేస్తే, నాలుగు బొట్లతోని అంత నాశనం చేసినవ్. తెల్వకపోతే తెల్వనట్టు ఉండరాదు?"

భీమమ్మ చేతిలో పెళ్లి ధోవతి అలాగే ఉండిపోయింది. అలా ఏమీ అనకపోవడం సుహాసినికి ఇంకా కోపం తెప్పించింది. ఆరు నెలలుగా తల్లి ఇంతే. జర్మనీ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు, "ఏం చదువుతవ్ అక్కడ?" అని అడిగింది. మిల్లుల నుంచి వచ్చే రంగు నీళ్లలో రంగును వెలుగుతో పోగొట్టడం గురించి అని సుహాసిని వీలైనంత తేలిగ్గా చెప్పింది. "దానికి జర్మనీ దాక ఎందుకే?" అంది భీమమ్మ. అప్పటినుంచి పొమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. చివరికి ఈ పసుపు పెట్టింది.

సుహాసిని లోపలికి పోయి దూది తడిపి, సబ్బు రుద్ది, ఒక మూల బొట్టు మీద అద్దింది. అద్దిన చోట పసుపు ఎర్రబడింది. సున్నం కలిపిన పారాణిలా చిక్కటి ఎరుపు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో కాలేజీకి ఫస్టు వచ్చిన పిల్ల, పసుపు నీళ్లలో క్షారం కలిపితే ఏమవుతుందో తొమ్మిదో తరగతి పిల్లలకు స్వయంగా చూపించిన పిల్ల, దూది పట్టుకుని అలా చూస్తూ నిలబడింది. భయం పుట్టినప్పుడు చదువు చేతిదాకా రాదు కాబోలు. కంగారులో ఇంకా గట్టిగా రుద్దింది. కాగితం నూగు లేచింది.

వెనకనుంచి ఒక తడి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

"సబ్బు పెట్టినవా?" భీమమ్మ గొంతులో ఇందాకటి మనిషి లేదు. "పసుపుకు ముందు ఎండ, తర్వాత సబ్బు. తిర్లమర్ల చేస్తే గిట్లనే అయితది. జరుగు."

నిమ్మకాయ కోసింది. చీరకొంగు కొసను పుల్లలా మెలిపెట్టి, దాని మొనకు ఒకే ఒక్క చుక్క అంటించి, ఎర్రబడిన చోట ఆనించింది. రుద్దలేదు. ఎరుపు మెల్లగా వెనక్కి తగ్గి మళ్లీ పసుపైంది. ఇంకో పొడి గుడ్డతో తడిని పీల్చింది. ఇదంతా చేస్తున్నంతసేపూ ఆమె ఊపిరి కాగితం మీద పడకుండా ముఖం పక్కకు తిప్పి ఉంచింది.

"గుడ్డయితే నీళ్లు చల్లుకుంట ఎండేస్తే సగం దినంల పోతది. గిది కాయితం. నీళ్లు చల్లొద్దు. రెండు ఎండలు పడ్తది." వేళ్ల మీద లెక్కపెట్టింది. "రేపు, ఎల్లుండి. సరిపోతది."

"నిజంగ పోతదా అమ్మా?"

"ముప్పై ఏండ్ల సంది నేను ఏం చేస్తున్ననే?"

మంగళవారం సూర్యుడు ఇంకా ఆముదం చెట్టు దాటకముందే భీమమ్మ మిద్దె ఎక్కింది. ఇస్త్రీ బల్ల చెక్క పరిచి, దాని మీద తెల్లటి దుప్పటి మడత వేసింది. పక్కింటి కాసింబీ దగ్గర విరిగిపోయిన గొడుగు నల్లగుడ్డ అడిగి తెచ్చి, మిగతా పేజీలన్నీ దాంతో చుట్టి కట్టింది. బిడ్డ ఫొటోకు ఎండ తగలొద్దట. ఆ ఒక్క పేజీ మాత్రం తెరిచి, అంచుల మీద ఉసిరికాయంత రాళ్లు నాలుగు పెట్టింది. తర్వాత రోజంతా ఇదే పని. కింద బండ మీద బట్టలు ఉతుకుతుంది, ఉతుకుతూ ఉతుకుతూ తలెత్తి నీడ చూస్తుంది, మెట్లెక్కి పోయి చెక్కను జానెడు తిప్పి వస్తుంది. ఎండ పేజీ మీద ఏటవాలుగా పడకూడదు, నిలువునా పడాలి. వాచీ లేదు, ఫోను చూడదు. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన వీరప్ప తనకు తోచిన ఉపాయం చెప్పాడు. "గంత సేపు ఎందుకు? మీద గుడ్డేసి ఇస్త్రీపెట్టెతోని మెల్లగ ఒత్తుదామా? ఎండకు పోయేది వేడికి పోదా?"

"పోదు." భీమమ్మ అన్నం కలుపుతూనే చెప్పింది. "వేడితోని పోయేదైతే బట్టలుడికేసే నా ఉబ్బ కుండలనే పోవాలె. గంటసేపు ఉడకబెట్టినా పసుపు పసుపే. ఎండకాలంల నీడకు ఆరేస్తే పోదు, చలికాలంల ఎండకు ఆరేస్తే పోతది. వేడి కాదు, వెలుగు. వెలుగే దాన్ని తింటది."

సుహాసిని చేతిలో ముద్ద ఆగిపోయింది.

స్కాలర్‌షిప్పు కోసం రాసిన వ్యాసంలో ఈ సంగతి చెప్పడానికే ఆమెకు పేజీన్నర పట్టింది. వేడిమి వేరు, కాంతి వేరు అని రుజువు చేయడానికి వేడి చేసి చీకట్లో ఉంచిన నమూనా ఒకటి, చల్లగా వెలుగులో ఉంచిన నమూనా ఒకటి తీసుకోవాలని ఆమెకు ప్రొఫెసరు నేర్పాడు. తల్లికి ఎవరూ నేర్పలేదు. ఉబ్బ కుండ, నీడ దండెం, చలికాలపు ఎండ పక్కపక్కన పెట్టి, ఎన్ని పెళ్లిళ్ల బట్టల మీదో చూసి, తనంతట తాను తేల్చుకుంది. 'దానికి జర్మనీ దాక ఎందుకే' అన్నది వెటకారం కాదని, ఉన్న మాటే అన్నదని ఇప్పుడు అర్థమైంది. నిన్న 'తెల్వకపోతే తెల్వనట్టు ఉండరాదు' అన్న తన మాట గుర్తొచ్చి సిగ్గుతో ఒళ్లు ముడుచుకుపోయింది. ఎదురుగా కూర్చుని పచ్చిమిరపకాయ కొరుకుతున్న మనిషిని ఆమె మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"ఏందట్ల చూస్తున్నవ్? తిను" అంది భీమమ్మ.

సాయంత్రానికి బొట్లు సగం పలచబడ్డాయి. ఇంకొక్క ఎండ చాలు.

బుధవారం మబ్బు పట్టింది.

పొద్దున్నుంచీ ఆకాశం మూసుకుపోయి, గాలి లేకుండా, వాన పడకుండా అలాగే నిలబడింది. చెక్క మీద పేజీ బూడిదరంగు వెలుతురులో పడి ఉంది. పదకొండు దాటింది, ఒంటిగంట దాటింది. బొట్లు నిన్న సాయంత్రం ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. కాసింబీ మెట్ల దగ్గర నిలబడి, "అల్లా, జర ధూప్, గింత ఎండ ఇవ్వరాదు" అని పైకి చూసి తిట్టినంత పని చేసింది. సుహాసిని ఫోనులో వాతావరణం చూసి, సాయంత్రందాకా మబ్బేనని చెప్పి కూలబడింది.

భీమమ్మ ఫోను చూడలేదు. మిద్దె అంచున నిలబడి, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టి నాలుగు దిక్కులూ చూసింది. మనూర్ వైపు, చాలా దూరాన, నల్లటి దుక్కుల మీద ఒకచోట మాత్రం వెలుగు పడి మెరుస్తోంది.

"లే. గా ఎండ మన కాడికి రాదు. మనమే పోదాం."

సుహాసినికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి తల్లి పాస్‌పోర్టును దుప్పటిలో చుట్టుకుని సగం మెట్లు దిగింది. రోడ్డు మీద మనూర్ పోయే షేర్ ఆటో ఆపింది. ఆటో నడిపే నర్సింగ్ తెలిసినవాడే.

"ఎక్కడ దిగుతవ్ అక్కా?"

"ఎండ ఏడుంటే ఆడ."

నర్సింగ్ అద్దంలోంచి సుహాసినిని చూశాడు, మీ అమ్మకు బాగానే ఉందా అన్నట్టు. సుహాసిని తల ఊపింది. ఆటోలో ఇంకో నలుగురున్నారు. సంగతి తెలిశాక వాళ్లూ తలలు బయట పెట్టి ఎండ వెతకడం మొదలుపెట్టారు. "అగో, గా రేగడి చేన్ల!" అని ముసలాయన అరిచాడు. నర్సింగ్ రోడ్డు దిగి బండ్లబాటలో అరకిలోమీటరు లోపలికి తీసుకుపోయి, నీడ గీత మీద ఆపాడు. నిజంగానే గీత ఉంది. ఇవతల మబ్బు, అవతల ఎండ. ఆటో ముందు చక్రం ఎండలో, వెనక చక్రాలు నీడలో నిలబడ్డాయి.

గట్టు మీద తల్లీకూతుళ్లు కూర్చున్నారు. భీమమ్మ కాళ్లు చాపి, ఒళ్లో దుప్పటి మడత పెట్టి, దాని మీద పేజీ తెరిచింది. ఇక్కడ గాలి ఉంది. రాళ్లు చాలవని కాగితం రెండు అంచులనూ రెండు బొటనవేళ్లతో అదిమిపట్టింది. సబ్బుకు, సవుడు మట్టికి అరిగి, గోళ్ల చుట్టూ పగిలిన వేళ్లు. బొట్ల మీద నీడ పడకుండా ఎంతో ఒడుపుగా పెట్టింది. ఎండ జరుగుతుంటే లేచి పది బారలు పోయి మళ్లీ కూర్చునేవాళ్లు. అలా ఒక చేను దాటి ఇంకో చేనులోకి పోయారు.

సుహాసిని పేజీ మీదనుంచి కన్ను తీయలేదు. రంగు పోవడాన్ని కళ్లారా చూడాలనిపించింది. కాని అది కనబడదు. చూస్తున్నంతసేపూ ఉన్నట్టే ఉంటుంది, రెప్ప వేసి తీసేసరికి కొంచెం తక్కువగా ఉంటుంది. కోట్ల మైళ్ల అవతలినుంచి వచ్చిన వెలుగు నేరుగా దిగి, ఈ కాగితం మీద, అమ్మ బొటనవేళ్ల మధ్య, ఒక్కో రేణువునూ విరిచి పోతోంది. పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివింది! ఇంత దగ్గరగా, ఇంత చప్పుడు లేకుండా ఇది జరుగుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

"అమ్మా, మొన్న నిన్ను తిట్టిన."

"ఊఁ."

"తప్పయింది."

"అటు జరుగు. నీ తలకాయ నీడ పడ్తుంది" అంది భీమమ్మ.

పొద్దు వాలేసరికి మూడు మూలలు తెల్లగా ఉన్నాయి. నాలుగో మూలలో, సబ్బు పెట్టి రుద్దినచోట, రంగు లేదు గాని కాగితం కొద్దిగా నూగు లేచి ఉంది.

గురువారం తెల్లవారే బస్సుకు ఇద్దరూ బయలుదేరారు. వీసా సెంటర్ మేడ ముందు కాపలావాడు తోడు వచ్చినవాళ్లను లోపలికి పంపేది లేదన్నాడు. భీమమ్మ ఎదుటి అరుగు మీద, రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. సుహాసిని నంబరు పిలిచారు. కౌంటర్లో అమ్మాయి కాగితాలన్నీ వరుసలో చూసి, చివర పాస్‌పోర్టు తీసుకుంది. పేజీలు వేలితో గబగబా తిప్పింది. ఆ పేజీ దాటింది, ఆగింది, ఒకటి వెనక్కి వచ్చింది. బొటనవేలితో ఒక మూలను తడిమింది.

"ఇక్కడేమైంది? పేపరు గరుగ్గా ఉంది?"

"నా తడి చెయ్యి తగిలింది మేడం. నేనే రుద్దిన."

ఆ అమ్మాయి పేజీని దీపం కిందికి పట్టుకుంది. అటూ ఇటూ వంచింది. పక్క సీటాయనకు చూపించింది. ఆయన ఒకసారి చూసి, "చిరగలేదు, మరక లేదు, పర్వాలేదు" అని తన పని తాను చేసుకున్నాడు. ఫైలు మీద ముద్ర పడింది. వేలిముద్రలు తీసుకున్నారు. రసీదు చేతికొచ్చింది. మిగతా మూడు మూలల మీద ఎవరి చూపూ ఆగలేదు.

బయట ఎండ దంచుతోంది. అరుగు మీద భీమమ్మ లేచి నిలబడింది.

"తీసుకున్నరమ్మా."

భీమమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. "ఏమన్న అడిగిండ్రా?"

"ఒక్క మూల పట్టుకున్నరు. నేను సబ్బు పెట్టింది."

భీమమ్మ పకపకా నవ్వింది. "చూసినవా? నేను పెట్టింది పోయింది, నువ్వు కడిగింది ఉన్నది."

ఇద్దరూ అరుగు మీద కూర్చుని మూట విప్పారు. జొన్నరొట్టె, పుంటికూర పచ్చడి. రెండు ముక్కలు తిన్నాక భీమమ్మ నమలడం ఆపింది.

"ఒక్క ముచ్చట అడుగుత, నవ్వొద్దు."

"నవ్వ."

"పసుపునేమో వెలుగు తింటది. మరి జీడి గుర్తునెందుకు తినది? గదే బట్ట, గదే ఎండ. బట్ట పీలికలైనా జీడి గుర్తు గట్లనే ఉంటది. పెండ్లయి వచ్చినప్పటి సంది చూస్తున్న. ఎవల్నడగాలె? మీ నాయిననడిగితే దేవుడట్ల చేసిండంటడు."

సుహాసిని నోరు తెరిచింది. మూడు నాలుగు పెద్ద పెద్ద మాటలు నాలుక మీదికి వచ్చాయి. ఇదే సంగతి చిన్న మాటల్లో చెప్పబోతే ఒక్కటీ నిలబడలేదు. చెప్పలేనిది తనకు నిజంగా తెలిసినట్టు కాదని ఆమెకు ఆ అరుగు మీదే తెలిసింది. ముప్పై ఏళ్లుగా ఈ ప్రశ్న తమ ఇంటి బండ మీద, తను ఆడుకున్నచోటే ఉంది.

"నాకు తెల్వదమ్మా."

"నిజంగ తెల్వదా? గంత చదివినవ్!"

"నిజంగ తెల్వదు."

భీమమ్మ ఎదుటి మేడను, అద్దాల తలుపును, అందులోకి పోతూ వస్తూ ఉన్న పిల్లలను కాసేపు చూసింది. "గా దేశంల తెలుస్తదా?"

"తెలుసుకుంట."

భీమమ్మ మిగిలిన రొట్టెను రెండుగా తుంచి, పెద్ద ముక్క కూతురి చేతిలో పెట్టింది.

"అయితే పోయి రా బిడ్డా" అంది. "వచ్చి నాకు చెప్పు."